ఆవులు లేని దొడ్డి

ఆవుల్ని తోలుకుపోయిన మర్నాడే మొలెఫి తన వదినకి హీటర్ తెచ్చిపెట్టాడు.

గుర్రం దిగి, కంబళి సర్దుకుని, అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని, కొత్త కోడల్ని లోపలికి తెస్తున్నంత జాగ్రత్తగా గుమ్మం దాటించాడు. మాలిసెబో చీపురు గోడకి ఆనించి పక్కకి జరిగింది. ఆమె గౌను నలుపు, తలగుడ్డ నలుపు, కప్పుకున్న కంబళీ నలుపే. మొక్కజొన్న కంకులు పాలు పట్టే రోజుల్లో భర్త లెబుసా పోయాడు. మళ్లీ కంకులు పాలు పట్టేదాకా ఆమె ఆ నలుపులోనే ఉండాలి. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి, గొంతెత్తి ఎవర్నీ పిలవకూడదు, పశువుల దొడ్డిలో కాలు పెట్టకూడదు. హా మొరాపే అనే ఈ ఊళ్లో భర్త పోయిన ఏ ఆడదానికైనా ఇంతే. ఇందులో ప్రత్యేకంగా ఎవరి కక్షా లేదు.

మొలెఫి తీగ గుచ్చి మీట నొక్కాడు. రెండు కడ్డీలు మెల్లగా ఎర్రబడ్డాయి.

"చూశావా వదినా! పొగ లేదు, మసి లేదు, కళ్లమంట లేదు. మసేరు పట్నంలో పెద్దోళ్ల ఇళ్లల్లో ఇవే. మా అన్నుంటే ఎంత మురిసిపోయేవాడో."

"దీని మీద సంకటి ఉడుకుతుందా?"

"ఇది కాచుకోడానికి వదినా, వండుకోడానిక్కాదు."

"నా పొయ్యి రెండూ చేసేదిలే," అంది మాలిసెబో.

మొలెఫి నవ్వేశాడు. మంచి నవ్వు అతనిది. ఆ నవ్వుతోనే నిన్న పొద్దున ఆవుల్ని దొడ్డి దాటించాడు. ఇంట్లో మగదిక్కు లేదు, కొండ అవతలి దొంగలకి ఈ సంగతి తెలియడానికి ఎంతసేపు, కాపలా ఉన్నచోట పడుకుంటే పశువులకీ మంచిది, నీకూ నిద్ర పడుతుంది, అన్నాడు. దొంగల మాట అబద్ధం కాదు. అందుకే ఆమె ఏమీ అనలేకపోయింది.

"ఆవులెప్పుడొస్తాయి మొలెఫీ?"

"వస్తాయి వదినా, ఎక్కడికి పోతాయి? నీ ఆవులు నీవే. నా దొడ్డిలో పడుకుంటున్నాయి, అంతే. ఊళ్లో అందరికీ ఇదే చెప్పాను."

"సరే, నేల గడ్డకట్టకముందే దొడ్డిలో గట్టిపడ్డ పేడ కోయించు. వాకిట్లో ఉన్నవి పోయినేటి పేడ పెళ్లలు, అడుక్కొచ్చాయి. నేను లోపలికి వెళ్లకూడదాయె."

"కోస్తాలే. మగాళ్ల పని మగాళ్లకి వదిలెయ్." కంబళి పిన్ను సరిచేసుకుంటూ అతను హీటర్ వంక గర్వంగా చూశాడు. "అయినా ఇది ఉండగా ఇంకా పేడ గోలేంటి నీకు?"

అతను వెళ్లాక ఆమె ముక్కాలిపీట హీటర్ ముందుకి లాక్కుని కూర్చుంది. మోకాళ్లు కాలిపోయాయి, వీపు మాత్రం చల్లగానే ఉంది. ఇటు తిరిగితే వీపు వేడెక్కింది, చేతులు చల్లబడ్డాయి. రొట్టెని కాల్చుకున్నట్టు తనని తాను ఇటూ అటూ తిప్పుకుంటూ కాసేపు గడిపింది. పేడ మంట అలా కాదు. ఇల్లు గుండ్రం, పొయ్యి నడిమధ్యన. మంట ముందు గోడలకి తగులుతుంది, రాయి ఆ వేడిని తెల్లారేదాకా దాచుకుని కొంచెం కొంచెంగా ఇస్తుంది. హీటర్ మీట ఆపగానే అంతా మరిచిపోతుంది. ముందే డబ్బు కట్టిన మీటరు డబ్బాలో అంకెలు చూస్తుండగానే తరిగిపోతున్నాయని ఆమె మీట ఆపేసింది.

మీట ఆగాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. గోడ అవతల ఆవులు నెమరు వేసే చప్పుడు లేదు. ఆ చప్పుడు ఉందని ఇన్నేళ్లూ ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడది లేకపోవడమే పెద్దగా వినిపిస్తోంది. మాలిసెబో అంటే లిసెబో తల్లి. కొత్త కోడలిగా ఈ గుమ్మం తొక్కిన రోజున, పుట్టబోయే పిల్లకి పేరు ముందే అనుకుని, అత్తగారు పెట్టిన పిలుపు అది. ఆ పిల్ల పుట్టనే లేదు. పిలుపు మాత్రం ఉండిపోయింది.

మర్నాడు గోనెసంచి పట్టుకుని ఏరుపిడకల కోసం కొండవాలుకి వెళ్లింది. మేత అయిపోయి మందలన్నీ లోయలోకి దిగాయి. ఎక్కడో ఒక గుర్రం వేసిన పేడ, గాలికి ఎండి తేలికైన రెండు మూడు పాత పిడకలు, అంతే. వంగినప్పుడల్లా నల్ల కంబళి ముందుకి జారి కళ్లకి అడ్డం పడింది. కాళ్ల దగ్గరే బూడిదరంగు పొదలు, వేర్లతో సహా పీకి పొయ్యిలో పెడితే చిటపటా మండేవి, ఉన్నాయి. కానీ వాటిని పీకితే కొండ వానకి కొట్టుకుపోతుందని ఊరి దొరసాని మాసెంపే ఆంక్ష పెట్టింది. మాలిసెబో ఒక పొద మొదట్లో చెయ్యి పెట్టి, కిందికి, దొరసాని ఇంటి వైపు చూసి, చెయ్యి తీసేసింది. పొద్దు వాలుతోంది. సంచి అడుగు కూడా నిండకుండానే దిగొచ్చింది.

కంచె దగ్గర మాపోలో నిలబడి ఉంది. పక్కింటావిడ. నోరు పెద్దది, మనసూ పెద్దదే, కాకపోతే నోరు ముందు వస్తుంది.

"గుర్రప్పేడ ఏరుకొస్తున్నావేంటే? కరెంటు పెట్టె ఇంట్లో పెట్టుకుని! అదృష్టవంతురాలివి తల్లీ. నా మరుదులూ ఉన్నారు, ఎందుకు, దండగ!"

"నువ్వూ కొనుక్కోకపోయావా?"

"నాకా? నాది రేకుల ఇల్లాయె. ముచ్చటపడి లోపల తెల్లరంగు వేయించాను. పొగ పెడితే రంగు పోతుంది, కరెంటు పెడితే కొంప మునుగుతుంది. కిరసనాయిలు స్టవ్ వెలిగించుకుని తలపోటుతో పడి ఉంటాను. రంగు మాత్రం భేషుగ్గా ఉంది." మాపోలో తన మాటకి తనే నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒకటి చెప్తాను, నా పేరు చెప్పకు. నిన్న బీరు కాడ మీ మొలెఫి అన్నాడంట. శనివారం ఎడ్లు ఈడ్చే బల్ల కట్టుకొచ్చి మీ దొడ్డి మొత్తం కోసి తనింటికి తోలుకుంటాడంట. కరెంటున్న ఆవిడకి పేడెందుకు అన్నాడంట."

మాలిసెబో సంచి కిందపెట్టింది. "నాకు కోసిపెడతానన్నాడే?"

"కోస్తాడు. నీకని అన్నాడా?"

ఆలోచిస్తే, అనలేదు. 'కోస్తాలే' అన్నాడు, అంతే. ఆమెకి ఒళ్లు మండింది. కానీ కేకలేసే హక్కు కూడా ఈ ఏడాది ఆమెకి లేదు. సంచి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచే గాలి మొదలైంది. వెనక మంచు. సంకటి సగం ఉడికేసరికి వాకిట్లోని ఆఖరి పెళ్ల అయిపోయింది. సరే హీటర్ ఉందిగా అని మీట నొక్కింది. కడ్డీలు ఎర్రబడ్డాయి, ఒకసారి వణికాయి, ఆరిపోయాయి. తలుపు సందులోంచి చూస్తే ఊరంతా చీకటి. ఎక్కడో తీగ తెగింది. మిగతా ఇళ్ల కిటికీల్లో మాత్రం పొయ్యిల వెలుగు కదులుతోంది. ఆమె సగం ఉడికిన సంకటి తిని, ఉన్న కంబళ్లన్నీ కప్పుకుని, లెబుసా పడుకునే వైపు ముడుచుకుంది.

తెల్లారాక తలుపు తీయడానికి వేళ్లు సహకరించలేదు. మంచు గుమ్మానికి అడ్డంగా పేరుకుంది. కాలితో తోసుకుంటూ బయటికొచ్చి నిలబడింది. స్టవ్ వెలిగించే మాపోలో ఇల్లు పోగా ప్రతి ఇంటి కప్పు మీదా పొగ ఉంది, తన ఇంటి మీద తప్ప. ఈ ఊళ్లో పొద్దున్నే ఏ ఇంటి మీద పొగ లేకపోయినా ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ముసలి రత్సియు జబ్బుపడినప్పుడు అలాగే తెలిసింది. ఆమె ఎండ గోడ మీదికి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఎవరూ రాలేదు.

నీళ్లకి వెళ్తూ మాపోలో కనపడింది.

"నా ఇంటి మీద పొగ లేదు, చూళ్లేదా?" అంది మాలిసెబో.

"చూశానే. నీది కరెంటు కదా అనుకున్నా." మాపోలో బిందె దించి ఆమె మొహంలోకి చూసింది. "అయ్యో, రాత్రంతా కరెంటు లేదు కదూ! నా బుర్రకి తట్టనే లేదే, నీ తోడు."

ఆమె అబద్ధం ఆడటం లేదు. నిజంగానే తట్టలేదు. మాలిసెబోకి అదే ఎక్కువ భయం వేసింది. ఈ పెట్టె ఇంట్లో ఉన్నంతకాలం తను చచ్చినా ఎవరికీ తట్టదు.

మధ్యాహ్నానికి ఎండ కాసి మంచు కరగడం మొదలైంది. ఆమె మూలనున్న లెబుసా పార తీసింది. దొడ్డి ఇంటి పక్కనే, నడుమెత్తు రాతిగోడ, ఒకవైపు సందు, సందుకి అడ్డంగా దుంగ. దుంగ ముందు ఆగింది. గౌను అంచు నడుములో దోపుకుంది. ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతానని ఆమెకి తెలుసు. దుంగ పక్కకి నెట్టి లోపలికి నడిచింది.

వేసవంతా ఆవులు తొక్కి తొక్కి గట్టిపడిన పేడ, పైన పొర ఎండి, కింద పచ్చిగా, మోకాలి లోతు ఉంది. పారని నిలువుగా పెట్టి మడమతో తొక్కింది. చుట్టూ కోసి, అడుగుకి పార దూర్చి, పిడి మీద బరువంతా వేసి ఎత్తితే పెళ్ల చదరంగా లేచి వచ్చింది. దాన్ని గుండెకి ఆనించుకుని మోసి గోడ మీద నిలబెట్టింది. మళ్లీ వచ్చి ఇంకోటి. పచ్చిపేడ వాసన, దాంట్లో ఇంకా గడ్డి వాసన. కోసిన చోట ఒక గిట్ట గుర్తు లోతుగా ఉంది. కొంచెం సేపటికి ఒంట్లో వణుకు పోయింది. చెమట పట్టింది. ఈ చలికాలంలో ఆమెకి చెమట పట్టడం అదే మొదలు. ఉత్తరపు గోడ పక్కన మాత్రం కోయలేదు, అక్కడి పేడ అలాగే ఉంచింది. వట్టి నేల మీద పడుకుంటే ఆవులకి చలి. తిరిగొచ్చేసరికి వాటికి పక్క ఉండాలి కదా అనుకుంది.

"మాలిసెబో! నీకేమన్నా పట్టిందా?" గోడ అవతల మాపోలో నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నల్లబట్టతో దొడ్డిలోకా! బయటికి రావే, రా!"

"ఇంకో నాలుగు కోసి వస్తా."

"నాలుగేంటే! చూడి ఆవుల కడుపులు పోతాయంటారు!"

"ఏ ఆవులు?" అని మాలిసెబో పార తొక్కింది.

మాపోలో ఎవరికీ చెప్పననే అనుకుని ఉంటుంది. కానీ ఆ నోటిలో మాట నిలిచే చోటు లేదు. పొద్దు వాలకముందే మొలెఫి గుర్రం మీద వచ్చేశాడు. నవ్వు లేదు. గోడ మీద వరసగా నిలబెట్టిన పెళ్లల్ని చూశాడు, పేడ అంటిన నల్లబట్టని చూశాడు.

"మా నాన్న దొడ్డి ఇది. మా తాత రాళ్లు మోసి కట్టింది. మైలబట్టతో తొక్కుతావా? నా చూడి ఆవులకేమన్నా అయితే ఎవరు కడతారు?"

"నీ ఆవులా?"

మొలెఫి కంబళి పిన్ను సర్దుకున్నాడు. "ఎవరివైతేనేం, ఆవులు ఆవులే."

మాలిసెబో పార నేలలో గుచ్చింది. ముందుగా అనుకున్న మాట కాదు, కోపంలో దానంతటదే వచ్చింది. "దొడ్డి అంటే ఆవులుండేది మొలెఫీ. నువ్వు ఆవుల్ని తోలుకుపోయావు. ఆవులు లేనిది దొడ్డెట్లా అవుతుంది? ఇది గోడ కట్టిన వాకిలి. నా వాకిట్లో నేనున్నాను. నేనేం తొక్కానో నువ్వే చెప్పు."

మొలెఫి కళ్లెం అందుకున్నాడు. "ఆ తెలివంతా రేపు దొరసాని ముందు చూపించు," అని గుర్రం తిప్పాడు.

అతను వెళ్లాక గానీ తనన్న మాట ఎంత దూరం పోతుందో ఆమెకి అర్థం కాలేదు. ఎండిన పైపొర ముక్కలు ఏరుకుని పొయ్యి వెలిగించింది. పొగ మొదట దట్టంగా, తర్వాత పలచగా, గడ్డికప్పులోంచి బయటికి పోయింది. గోడలు వేడెక్కుతుంటే ఆమె కాళ్లు చాపుకుని ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నేను తప్పు చేశానని చెప్పాలంటే అది దొడ్డి అని అతనే ఒప్పుకోవాలి. దొడ్డి అంటే ఆవులు అందులో ఉండాలి కదా. ఏ పెళ్లిలో రెండు ముంతలు తాగినా మొలెఫి లేచి వంశం పొగడ్త అందుకుంటాడు. అందులో ఈ దొడ్డి రాళ్ల మాట వస్తుంది, అక్కడ గొంతు గద్గదమవుతుంది అతనికి. అలాంటివాడు మగాళ్లందరి ముందు అది దొడ్డి కాదంటాడా? చచ్చినా అనడు. ఆమెకి చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. సంకటి మెత్తగా ఉడికింది. చుక్కావు ఈసారి పెయ్యదూడని వేస్తే బాగుండునని కూడా అనుకుంది.

దొరసాని మాసెంపే తన ఇంటి ముందు ఎండలో కుర్చీ వేయించుకుని, కంబళి చుట్టుకుని కూర్చుంది. భర్త పోయాక ఆయన పెత్తనం ఆమె చేస్తోంది. ఆమె కూడా ఒకప్పుడు నల్లబట్ట కట్టి విప్పినదే. మగాళ్లు ఒకవైపు రాళ్ల మీద, ఆడవాళ్లు ఇంకోవైపు నేల మీద. మాలిసెబో అందరికీ దూరంగా, విడిగా కూర్చుంది. నలుపులో ఉన్నవాళ్లు గుంపులో కలవకూడదు.

మొలెఫి చెప్పాల్సింది చక్కగా చెప్పాడు. తండ్రి, తాత, మైల, చూడి ఆవులు. హీటర్ సంగతి రెండుసార్లు చెప్పాడు. "అమ్మా, వదిన కదాని కరెంటు పెట్టె కొనిచ్చాను. మంటకి లోటు లేదు. ఇది కావాలని చేసిన పని." రాళ్ల మీద కొందరు తలలూపారు.

"లిసెబో తల్లీ, నువ్వేమంటావు?" అంది దొరసాని.

మాలిసెబో లేచింది, కళ్లు నేల మీదే ఉంచింది. "పెట్టె ఉందమ్మా. మొన్న మంచులో అదీ ఆరిపోయింది, నేనూ దాదాపు ఆరిపోయాను. దొడ్డిలోకి వెళ్లడం తప్పే. కానీ ఆవులు లేవు కదా. ఆవులు లేనిదాన్ని దొడ్డి అనాలో గోడ అనాలో నాకు తెలియలేదు. అది మా మరిదిగారు చెప్పాలి."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. దొరసాని నవ్వలేదు. కంబళి మోకాళ్ల మీదికి లాక్కుని మాలిసెబో వంక కాసేపు చూసింది. తన ఎత్తు ఆమెకి అర్థమైందని ఆ చూపులో మాలిసెబోకి అనిపించింది.

"మొలెఫీ, ఆ ఇంటికి మిగిలిన మగవాడివి నువ్వే. నీ నోటి మాటే తీర్పు. నిదానంగా చెప్పు. అది దొడ్డే అంటే, నీ వదిన మీద తప్పు వేస్తాను, శుద్ధికి ఒక గొర్రె ఇచ్చుకుంటుంది. దొడ్డి అన్నాక ఖాళీగా ఉండకూడదు, కాబట్టి ఆమె ఆవులు ఈ వారంలోనే దాంట్లో ఉండాలి. కాపలాకి ఊరి మనిషిని నేను పెడతాను. దొడ్డి కాదంటే ఆమె మీద తప్పు లేదు, పేడ ఆమెదే, నువ్వు ముట్టుకోవు, దొడ్డి లేనిచోటికి ఆవుల్ని తోలమని నేనూ అనలేను. ఏమంటావ్?"

మొలెఫి టోపీ తీశాడు. టోపీ అంచుని వేళ్లతో తిప్పుతూ నేల చూశాడు. అను, అనుకుంది మాలిసెబో లోపల. మీ తాత రాళ్లు, అను. ఒక గొర్రె ఏం ఖర్మ, రెండిస్తాను.

అతను తల ఎత్తినప్పుడు మొహం మీద మళ్లీ ఆ మంచి నవ్వు ఉంది.

"వదిన చెప్పిందే నిజం అమ్మా. నేనే తొందరపడ్డాను. ఆవులు లేనిది దొడ్డి కాదు. వట్టి గోడ. పేడ ఆమెనే ఉంచుకోనీ."

ఆడవాళ్లు ఒక్కసారిగా నాలుకలు ఆడిస్తూ జేజేలు కొట్టారు. రాళ్ల మీద మగాళ్లు మొలెఫిని చూసి నవ్వారు, ఒకడు అతని వీపు చరిచాడు. అతనూ వాళ్లతో కలిసి నవ్వాడు. దొరసాని మాత్రం నవ్వలేదు. "విన్నారుగా," అంది నెమ్మదిగా, "దొడ్డి కాదు." తర్వాత మాలిసెబో వైపు చూడకుండా కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లిపోయింది.

మాపోలో ఆమెని కంచె దాకా కాదు, ఇంట్లోకే దిగబెట్టింది. పొయ్యి దగ్గర చతికిలబడి, కిరసనాయిలు కంపు కొట్టే చేతులు మంట మీద చాపింది.

"ఏం మాటన్నావే! అంత మొగాడూ టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. వట్టి గోడ అంట! వాళ్ల నాన్న వింటే సమాధిలోంచి లేచొచ్చి తన్నును. ఇక ఈ చలికాలమంతా నేను నీ ఇంట్లోనే కాచుకుంటా, చెప్తున్నా. ఊళ్లో అందరూ వస్తారు చూడు. నీ పేరే చెప్పుకుంటున్నారు. గెలిచావే తల్లీ!"

మాలిసెబో ఒక ముక్కని మోకాలికి ఆనించి విరిచి పొయ్యిలో పెట్టింది. మంట పట్టుకునేదాకా దానివంకే చూసింది.

"దొడ్డే అంటాడనుకున్నాను మాపోలో," అంది.

మాపోలో ఇంకా నవ్వుతూనే ఉంది. తర్వాత ఆ నవ్వు ఆగింది. చాపిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.